అనపర్తి అల్లుడు తిరిగి రాలేదు

మా అమ్మాయి ఇంటర్‌లో బై.పి.సి. తీసుకుంది. ఓ ఆదివారం మధ్యాహ్నం వంటింటి గుమ్మం పక్కన రికార్డు పుస్తకం పరుచుకుని బొద్దింక నాడీమండలం బొమ్మ వేస్తోంది. చీపురు పుచ్చుకుని వెంటపడి చంపే పురుగుని ఇంత శ్రద్ధగా పెన్సిలుతో దిద్దుతోందేమిటా అని నేనూ వంగి చూశాను. పొట్ట అడుగున నిలువునా రెండు పేటల దారం, ఆ దారానికి గుచ్చిన పూసలు. రొమ్ము భాగంలో మూడు, పొట్టలో ఆరు. ఆ పూసల్నే నాడీసంధులు అంటారుట. నాడీకణాల కణదేహాలన్నీ ఒకచోట చేరి ముద్దకట్టిన చోటన్నమాట. తల తెగిపోయిన బొద్దింక కూడా కొన్ని రోజులపాటు బతికి కాళ్ళాడిస్తుందంటే ఈ పూసల చలవే. పెత్తనమంతా తలకే అప్పగించకుండా ఎక్కడికక్కడ చిన్న చిన్న ఆఫీసులు పెట్టుకుంది ఆ పురుగు.

మరి మనుషుల సంగతేమిటని పుస్తకం లాక్కుని చదివాను. మనకీ ఉన్నాయి. వెన్నెముకకి ఇరుపక్కలా బారులు తీరి ఉన్నాయి. వేడి మూకుడు వేలికి తగిలి చురుక్కుమన్నప్పుడు ఆ కబురు మోసే నాడీకణం వేలి చివర ఉండదు, దాని తీగ మాత్రమే అక్కడుంటుంది. అసలు కణం మెడ దగ్గర వెన్నుపూస పక్కనున్న నాడీసంధిలో కూర్చుని, ఇటు వేలిదాకా ఒక తీగ, అటు వెన్నుపాములోకి ఒక తీగ చాచుకుని ఉంటుంది. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినవాళ్ళకి యాభై అరవై ఏళ్ళ వయసులో నడుము చుట్టూ ఒక పక్కనే మంటలు రేపుతూ అక్కి లేస్తుంది చూడండి, అదీ ఇక్కడి కథే. ఆటలమ్మ తగ్గిపోయినా ఆ వైరస్ ఒంట్లోంచి పోదు. వెన్ను పక్కన నాడీసంధుల్లో దశాబ్దాల తరబడి నిద్రపోయి, ఒంట్లో శక్తి తగ్గిన రోజు చూసుకుని ఆ తీగ వెంబడే బయటికొస్తుంది. మన పెద్దవాళ్ళు ఎర్రమట్టితో అక్కి రాయించుకునేవారు గానీ అది ఎక్కడ దాక్కుందో వాళ్ళకేం తెలుసు?

ఇంకో రకం సంధులున్నాయి. గుండె వేగం, చెమట, కంటిపాప పెద్దదవడం చిన్నదవడం లాంటి మన చేతిలో లేని పనులన్నీ వాటివి. మెదడు పంపిన కబురు అక్కడ చేతులు మారుతుంది, అమలాపురంలో ఎక్కినవాళ్ళం రావులపాలెంలో దిగి ఇంకో బస్సు పట్టుకున్నట్టు. పేగుల గోడల్లో అయితే పది కోట్లకు పైగా నాడీకణాలు చిన్న చిన్న గుంపులుగా సర్దుకుని ఉన్నాయి. తిన్నది ముందుకి నెట్టే పని మెదడుని అడక్కుండానే చేసేస్తాయి. దాదాపు ఐదువేల మందిలో ఒక బిడ్డకి పేగు చివరి భాగంలో ఈ గుంపులు లేకుండా పుడతాయి. పుట్టి రెండు రోజులైనా ఆ నల్లటి మలం వెళ్ళదు, పొట్ట ఉబ్బిపోతుంది. ఆ ముక్క కోసి తీసేసి మంచి పేగుని కిందికి కలిపితే గానీ బిడ్డ దక్కదు. నలుసంత కణాల గుంపు లేకపోతే ఇంత పని.

అవన్నీ బిడ్డకి ఎప్పుడు తయారవుతాయో చదివేసరికి మాత్రం నా చేతిలో పుస్తకం ఆగిపోయింది. మా పిన్ని గుర్తొచ్చింది. ఆ వెనకే, భీమవరంలో పుట్టి అమెరికాలో పోయిన యల్లాప్రగడ సుబ్బారావుగారు గుర్తొచ్చారు. ఆయన గురించి చిన్నప్పుడు పాఠంగా చదువుకున్నాం, పరీక్షకి రాసి మర్చిపోయాం. పెళ్ళై, పిల్లలు పుట్టాక మళ్ళీ చదివితే అది వేరే కథలా కనిపించింది.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మా అమలాపురం నుంచి చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా వెళితే ఎంతో దూరం కాదు. తండ్రి జగన్నాథంగారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, ఆరోగ్యం సరిగా లేక తొందరగానే ఉద్యోగం వదిలేశారు. తల్లి వెంకమ్మగారు. ఏడుగురు పిల్లల్లో ఈయన నాలుగోవాడు. చదువంటే ఇష్టం లేదు. పదమూడేళ్ళ వయసులో కాశీ వెళ్ళి యాత్రికులకి అరటిపళ్ళు అమ్మి డబ్బు గడిద్దామని ఇంట్లో చెప్పకుండా బయల్దేరాడు. దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు, అదీ మద్రాసు తిరువళ్ళిక్కేణిలోని హిందూ హైస్కూల్లో. ఈలోగా తండ్రి పోయారు. తల్లి ఒంటిమీది బంగారం అమ్మి చదివించిందంటారు. మన ఇళ్ళల్లో ఈ మాట ఎన్ని తరాల నుంచి వింటున్నామో కదా! కొడుకు గొప్పవాడైతే ఆ బంగారం సంగతి కథలోకి వస్తుంది, కాకపోతే ఎవరికీ తెలియకుండా పోతుంది.

ప్రెసిడెన్సీ కాలేజీలో చదివే రోజుల్లో ఆయన మనసు రామకృష్ణ మఠం మీదికి పోయింది. సన్యాసం పుచ్చుకుంటానన్నారు. తల్లి అనుమతి ఉండాలన్నారు మఠంవాళ్ళు. వెంకమ్మగారు ససేమిరా అన్నారు. సేవ చేయాలనుంటే డాక్టరై చెయ్యమని మఠంవాళ్ళే నచ్చజెప్పి పంపారు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఖర్చు ఎలా గడుస్తుంది? 1919లో పెళ్ళి జరిగింది. అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి అమ్మాయి శేషగిరి. అనపర్తి అంటే మాకు రావులపాలెం దగ్గర గౌతమి దాటి మండపేట మీదుగా వెళ్ళే దారి. పిల్ల బాగా చిన్నది. మామగారి సొమ్ముతో అల్లుడి చదువు సాగింది.

గాంధీగారి పిలుపు అందుకుని ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు కోటే వేసుకెళ్ళేవారు సుబ్బారావుగారు. తెల్లదొర ప్రొఫెసరుకి అది కంటగింపైంది. మిగతా సబ్జెక్టులు బాగానే రాసినా శస్త్రచికిత్సలో దెబ్బతిన్నారు. ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. అనే చిన్న సర్టిఫికెట్టుతో బయటికి వచ్చారు. దానితో ప్రభుత్వ ఉద్యోగం దొరకలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం పాఠాలు చెప్పుకుంటూ గడిపారు.

అంతకుముందే ఇంట్లో పెద్ద ఘోరం జరిగింది. స్ప్రూ అనే జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాలో పోయారు. స్ప్రూ అంటే పేగులు తిన్నదాన్ని పీల్చుకోవు. విరేచనాలై, నాలుక పుండుపడి, రక్తం పాలిపోయి మనిషి కరిగిపోతాడు. సుబ్బారావుగారికీ వస్తే లక్ష్మీపతిగారి మందుతో బయటపడ్డారు. ఈ జబ్బుకి మందేమిటో కనుక్కోవాలన్న పట్టుదల అప్పుడే పుట్టి ఉంటుంది. హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల బడి ఉందని తెలిసింది. మామగారు కొంత, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ కొంత సాయం చేస్తే 1923 అక్టోబరులో బోస్టన్‌లో దిగారు. రెండు మూడేళ్ళలో తిరిగొచ్చే లెక్కన వెళ్ళారు. అప్పటికి శేషగిరిగారు గర్భిణి.

ఇక్కడ కాసేపు ఆగుతాను. ఆయన జీవితచరిత్ర రాసినవాళ్ళు ఈ మాట ఒక్క వాక్యంలో దాటేసి ఓడ వెంట వెళ్ళిపోతారు. నాకు మాత్రం అనపర్తిలో ఆ ఇంటి అరుగు మీదే కాలు నిలబడిపోతుంది. ఆ పిల్లకి కొడుకు పుట్టాడు. ఏడాది నిండకుండానే పోయాడు. తండ్రి బిడ్డని చూడనే లేదు. పెళ్ళై నాలుగైదేళ్ళు, ఆ నాలుగైదేళ్ళలో భర్త కాలేజీలోనో మద్రాసులోనో ఉన్న రోజులే ఎక్కువ. ఇంకేం మిగిలింది చేతిలో?

అక్కడ ఆయన పాట్లూ తక్కువేం కావు. అమెరికాలో డాక్టరుగా పనిచేసే అర్హత లేదు. రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని చేసి పొట్టపోసుకున్నారు. 1924లో డిప్లొమా చేతికొచ్చింది. తర్వాత హార్వర్డులోనే సైరస్ ఫిస్కే అనే ప్రొఫెసరు దగ్గర జీవరసాయన శాస్త్రంలో చేరారు. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే ఆ పేరు జీవరసాయన ప్రయోగశాలల్లో తరాలపాటు నిలిచింది. ఆ కొలతే దారి చూపించింది. 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏ.టి.పి. బయటపెట్టారు. ఏ.టి.పి.ని అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నారు.

ఏ.టి.పి. అంటే ఒంట్లో ప్రతి కణం ఖర్చుపెట్టే చిల్లర డబ్బు. తిన్న అన్నం పెద్ద నోటనుకుంటే దాన్ని మార్చి ఏ.టి.పి.గా చేసుకుంటే గానీ కణం ఒక్క పనీ చెయ్యలేదు. ఈ చిల్లర అన్నిటికంటే ఎక్కువ ఖర్చుపెట్టేవాటిలో నాడీకణాలు ముందుంటాయి. మెదడు మన బరువులో రెండు శాతమే, తినేది మాత్రం ఒంటి శక్తిలో ఇరవై శాతం. కబురు పంపిన ప్రతిసారీ లోపలికి చేరిన సోడియాన్ని తోడి బయట పోసుకోవాలి, వాన పడ్డాక పల్లపు ఇంట్లో నీళ్ళు తోడుకున్నట్టు. ఆ తోడే పనికి కూలి ఏ.టి.పి. ఇక్కడితో అయిపోలేదు. 1992లో ఇంకో సంగతి తేలింది. నాడీసంధుల్లో ఒక కణం పక్కకణానికి కబురు అందించడానికి కూడా ఏ.టి.పి.ని వాడుకుంటుంది. పొట్ట వెనక ఉండే నాడీసంధి కణాల మీదే ఆ ప్రయోగం జరిగింది. చిల్లర డబ్బనుకున్నది కొన్నిచోట్ల ఉత్తరం కూడా అయిందన్నమాట. సుబ్బారావుగారు పోయి అప్పటికి నలభై నాలుగేళ్ళు.

1930లో పిహెచ్.డి. వచ్చింది. హార్వర్డులో స్థిరమైన పదవి మాత్రం రాలేదు. తన పని గురించి చాటుకునే మనిషి కాదు, పేరు ఫిస్కేగారికి పోతున్నా నోరు మెదపలేదంటారు. అదంతా మంచితనమనుకోనా? పది మందిలో మాట్లాడ్డానికి మొహమాటపడే మగవాళ్ళు మన ఇళ్ళల్లోనూ ఉన్నారు. వాళ్ళ మొహమాటానికి ఖరీదు కట్టేది తరచూ ఇంకొకరు. 1940లో న్యూయార్కు దగ్గర పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల కంపెనీలో చేరి, పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. తర్వాత ఎనిమిదేళ్ళలో చేసింది మామూలు మనిషి మూడు జన్మల్లో చెయ్యలేడు.

ముందుగా ఫోలిక్ ఆమ్లం. దీని కథ మొదలైంది మన దేశంలోనే, అదీ ఆడవాళ్ళతోనే. లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు 1928లో బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకి ప్రాణం మీదికి తెస్తున్న రక్తహీనత ఏమిటో వెతికారు. మార్మైట్ అనే ఈస్టు ముద్ద పెడితే వాళ్ళు తేరుకున్నారు. అందులో ఏదో ఉంది, ఏమిటో తెలియదు. 1941లో అమెరికాలో పాలకూరలోంచి దాన్ని వేరుచేసి, ఆకు అనే అర్థం వచ్చేలా పేరు పెట్టారు. ఎన్ని బస్తాల ఆకు ఉడికించినా వచ్చేది చిటికెడే. సుబ్బారావుగారి బృందం దాని నిర్మాణం పట్టుకుని 1945లో ప్రయోగశాలలోనే తయారుచేసింది. అప్పుడు గానీ అది అందరికీ అందే మాత్ర కాలేదు. ఆ మాత్ర స్ప్రూ రోగుల మీద పనిచేసింది. అన్నదమ్ములు పోయి పాతికేళ్ళు దాటాక, వాళ్ళని తీసుకుపోయిన జబ్బుకి మందు ఆయన చేతుల్లోంచే వచ్చింది.

ఇక్కడో జాగ్రత్త చెప్పాలి. ఫోలిక్ ఆమ్లం రక్తాన్ని బాగుచేస్తుంది గానీ బి12 లోపం వల్ల నరాలకి జరిగే నష్టాన్ని ఆపదు. పైకి రక్తం బాగున్నట్టే కనిపిస్తూ లోపల వెన్నుపాము దెబ్బతింటూనే ఉంటుంది. కాళ్ళు తిమ్మిర్లు, నడకలో తూలు ఉన్నవాళ్ళు, ముఖ్యంగా మాంసం, చేప, పాలు ఏవీ ముట్టనివాళ్ళు బి12 కూడా చూపించుకోవాలి. ఆ బి12 విడిగా దొరికింది 1948లో, వేరేవాళ్ళకి.

ఫోలిక్ ఆమ్లాన్ని కాస్త మార్చి, దానికి ఎదురు పనిచేసే అమినోప్టెరిన్ చేసిచ్చారు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్తకేన్సరు వచ్చిన పిల్లలకి వాడి, పదహారు మందిలో పదిమందికి తాత్కాలికంగా నయమైందని 1948లో ప్రకటించారు. కేన్సరుకి మందుల వైద్యం అక్కడినుంచే ఊపందుకుంది. దాని చెల్లెలే మెథోట్రెక్సేట్, కీళ్ళవాతానికి కూడా వాడుతున్నారు. ఆయన నడిపిన విభాగంలోనే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ కనిపెట్టారు. 1947లో హెట్రజాన్ వచ్చింది. ఆ పేరు మీకు తెలియకపోవచ్చు గానీ మాత్ర తెలుసు. మా కోనసీమలో మురుగు కాలువలూ, దోమలూ, బోదకాలూ విడదీయరాని చుట్టాలు. 2004 నుంచి ఏడాదికోసారి ఇంటింటికీ వచ్చి ఎదురుగా మింగించిన డి.ఇ.సి. మాత్ర ఇదే. మా అత్తగారు కళ్ళు తిరుగుతాయని చెంగున కట్టి దాచేవారు. అది పక్క జిల్లా మనిషి చేసిన మందని అప్పుడు తెలిసి ఉంటే మింగేవారో ఏమో.

1948 ఆగస్టులో ఓ రాత్రి నిద్రలోనే గుండె ఆగి పోయారు. యాభై మూడేళ్ళు. ఇరవై ఐదేళ్ళలో ఒక్కసారి కూడా స్వదేశం రాలేదు. 1995లో శతజయంతికి మన ప్రభుత్వం తపాలాబిళ్ళ వేసింది. ఒక బూజుజాతికి ఆయన పేరు పెట్టారు. నోబెల్ రాలేదని బాధపడుతూ చాలామంది రాశారు.

నా బాధ అది కాదు. శేషగిరిగారు ఎదురుచూసిన ఇరవై ఐదేళ్ళకి ఏ బిళ్ళ వెయ్యాలో నాకు తెలియదు. పద్దెనిమిది నెలలు గల్ఫుకెళ్ళిన భర్త కోసం ఫోను పట్టుకుని కూర్చునే ఆడవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. ఆవిడకి ఫోనూ లేదు, ఒళ్ళో బిడ్డా లేదు. ఆయన మీద కోపం తెచ్చుకుందామంటే ఆయన చేసిన మాత్ర గుర్తొస్తుంది. మాత్ర గొప్పదని చెబుదామంటే ఆవిడ గుర్తొస్తుంది. రెండూ తూచి ఒకటి పైకి, ఒకటి కిందికి పెట్టడం నా వల్ల కాలేదు.

ఇంక మా పిన్ని సంగతి. 1996 జూన్ మొదటి వారంలో ఆమెకి తొలికాన్పు. నాకు తొమ్మిదేళ్ళు. ఆడపిల్ల. నడుము మీద నీటిబుడగలాంటి గడ్డ, కాళ్ళల్లో కదలిక లేదు. పదకొండు రోజులు బతికింది. ఇంట్లోవాళ్ళు తేల్చిందేమిటంటే, 1995 అక్టోబరు 24న సూర్యగ్రహణం నాడు పిన్ని కత్తిపీట ముందు కూర్చుని దొండకాయలు తరిగిందని. నిజమే, తరిగింది. ఆ మాట ఆమెని కొన్నేళ్ళు వదల్లేదు. పురిటికెళ్ళిన ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు ఎత్తేవారు, ఆమె లేచి వచ్చేసేది.

మా అమ్మాయి పుస్తకంలో నన్ను ఆపేసింది ఇదే. కడుపులో బిడ్డ వీపు మీద మొదట ఒక చదునైన పట్టీ ఉంటుంది. అది రెండంచులా పైకి లేచి, పూతరేకు చుట్టినట్టు చుట్టుకుని గొట్టమవుతుంది. ఆ గొట్టమే తర్వాత మెదడు, వెన్నుపాము. అంచులు అతుక్కునేచోట కొన్ని కణాలు ఊడివచ్చి ఒళ్ళంతా ప్రయాణం కడతాయి. వెన్ను పక్కన ఆగినవి వేలి చురుకు మోసే నాడీసంధులు, పేగుల్లోకి దిగినవి పేగుల సంధులు. మన ఒంట్లో ఆ పూసలు ఆ అంచుల్లోంచి రాలినవే. గొట్టం మూసుకోవడం బిడ్డ పడిన ఇరవై ఎనిమిదో రోజుకల్లా అయిపోతుంది. అంటే నెల తప్పిన రెండు వారాలకి. చాలామందికి అనుమానం తీరేలోపే. కింది భాగం మూసుకోకపోతే పిన్ని బిడ్డలా పుడతారు. తల భాగం మూసుకోకపోతే అసలు బతకరు.

గొట్టం సరిగా మూసుకోవడానికి ఫోలిక్ ఆమ్లం కావాలని లివర్‌పూల్‌లో స్మిథెల్స్, ఎలిజబెత్ హిబ్బర్డ్ అనే డాక్టర్లు 1965లోనే అనుమానించారు. 1991లో ఏడు దేశాల్లో ముప్ఫై మూడు ఆసుపత్రుల్లో చేసిన పరీక్ష తేల్చేసింది. అంతకుముందు ఇలాంటి బిడ్డని కన్న తల్లులకి గర్భం రాకముందు నుంచే మాత్ర ఇస్తే వందకి డెబ్భై రెండు వంతులు తగ్గాయి. 1992 నుంచి అమెరికాలో, గర్భం వచ్చే వయసులో ఉన్న ఆడవాళ్ళందరూ రోజూ 400 మైక్రోగ్రాములు తీసుకోమన్నారు. అన్ని కేసులకీ ఇదొక్కటే కారణం కాదు. జన్యువులుంటాయి, అదుపులో లేని షుగరుంటుంది, కొన్ని మూర్ఛమందులుంటాయి. ఒకసారి ఇలా జరిగినవాళ్ళకి పది రెట్లు ఎక్కువ మోతాదు కావాలి, అది డాక్టరే రాయాలి. మనవాళ్ళు మాత్రం నెల తప్పి, డాక్టరుకి చూపించుకుని, మూడో నెలలో ఆశా కార్యకర్త ఇచ్చిన ఎర్రమాత్రలతో మొదలుపెడతారు. అవి రక్తానికి మంచివే. గొట్టానికి ఆలస్యం. పెళ్ళైన కొత్తలోనే, పిల్లలు కావాలనుకున్నప్పుడే అడిగి తీసుకోవాలి.

మొన్న పిన్ని వచ్చింది. మా అమ్మాయి రికార్డు వెనక అట్ట మీద తేదీలు రాసి చూపించాను. గ్రహణం నాటికి ఆమెకి నెల తప్పి మూడు వారాలు దాటింది. గొట్టం మూసుకోవాల్సిన రోజులు అప్పటికే పది రోజుల క్రితం అయిపోయాయి. దొండకాయలు తరిగేనాటికి జరగాల్సిందేదో జరిగిపోయింది. పిన్ని వేళ్ళ మీద ఓసారి లెక్కపెట్టుకుంది. మళ్ళీ ఇంకోసారి. తర్వాత లేచి వంటింట్లోకి వెళ్ళి, నేను చెప్పకుండానే, పాలు పొయ్యి మీద పెట్టింది.